హింస మూసేసిన దారుల్లో నడిచినవాళ్లు

శ్రావస్తి దగ్గర ఒక అడవి దారి. ఆ దారిన పది మంది కలిసి వెళ్లినా, ఇరవై మంది వెళ్లినా, నలభై మంది గుంపుగా వెళ్లినా తిరిగి రావడం లేదు. అంగుళిమాలుడు మనుషుల్ని చంపి, వాళ్ల వేళ్లు దండగా గుచ్చి మెడలో వేసుకుంటున్నాడు. చుట్టుపక్కల ఊళ్లు ఖాళీ అయిపోయాయి. ఒకరోజు బుద్ధుడు భిక్ష ముగించుకుని, ఉన్న చోటు సర్దిపెట్టి, ఆ దారి పట్టాడు. పశువుల కాపర్లు, రైతులు, బాటసారులు వద్దన్నారు. ఒకసారి కాదు, మూడుసార్లు. ఆయన ఏమీ మాట్లాడకుండా నడుస్తూనే ఉన్నాడు. వెనక నుంచి శక్తికొద్దీ పరుగెత్తుకొచ్చినా, మామూలుగా నడుస్తున్న ఆ మనిషి అంగుళిమాలుడికి అందలేదు. "ఆగు" అని అరిచాడు. "నేను ఆగే ఉన్నాను, నువ్వే ఆగాలి" అన్నాడు బుద్ధుడు.

బుద్ధుడి బోధలున్న పాళీ సుత్తాల్లోని ఈ కథను అందరూ ఆ చివరి మాట కోసమే చెప్పుకుంటారు. దానికి ముందున్న సంగతి మీద పెద్దగా దృష్టి పడదు. జనం నడవడం మానేసిన దారిలో ఒక మనిషి చేతిలో ఏమీ లేకుండా నడిచాడు. మాటలు ఆ తర్వాత వచ్చాయి. హింసకు ఆధ్యాత్మిక జవాబుగా కాలినడకను ఎంచుకున్నవాళ్లందరి ప్రయత్నానికీ మూలం అక్కడే దొరుకుతుంది.

హింస గురించి మాట్లాడేటప్పుడు లెక్కంతా చనిపోయినవాళ్ల మీదే నడుస్తుంది. బతికున్నవాళ్ల సంగతి చూస్తే, వాళ్లకు మొదట పోయేది దారి. ఏ వీధిలోకి వెళ్లొచ్చు, ఏ వీధిలోకి వెళ్లకూడదు, చీకటి పడ్డాక ఎవరు బయట తిరగొచ్చు, ఏ ఊరి మీదుగా పోతే తిరిగి రాగలం అన్న లెక్కలు అలవాటైపోతాయి. తుపాకులు ఆగిన ఏళ్ల తర్వాత కూడా ఆ లెక్కలు మనసులోంచి పోవు. తల్లిదండ్రులు పిల్లలకు నేర్పిస్తారు. శాంతి ఒప్పందం మీద సంతకాలు రాజధానిలో జరుగుతాయి గానీ, పక్క ఊరికి నడిచి వెళ్లే ధైర్యం ఆ కాగితంతో రాదు. ఆ ధైర్యం రావాలంటే ముందు ఎవరో ఒకరు నడిచి చూపించాలి.

1946 ఆగస్టులో కలకత్తాలో మొదలైన మారణకాండ అక్టోబరుకల్లా తూర్పు బెంగాల్‌లోని నోవాఖలీని అంటుకుంది. అక్కడ హిందువుల ఇళ్లు తగలబెట్టారు. హత్యలు, బలవంతపు మతమార్పిడులు, స్త్రీల అపహరణలు జరిగాయి. నవంబరులో గాంధీ అక్కడికి చేరుకున్నారు. అప్పటికి ఆయనకు 77 ఏళ్లు. ఆయన చేసిన పనుల్లో ఒకటి ఇప్పటికీ ఆశ్చర్యం కలిగిస్తుంది. వెంట వచ్చినవాళ్లను తన చుట్టూ ఉంచుకోకుండా, ఒక్కొక్కరిని ఒక్కో ఊరికి ఒంటరిగా పంపేశారు. భయపడుతున్న ఊళ్లో భయం లేకుండా బతకడమే వాళ్ల పని. వాళ్లలో అంతుస్సలాం అనే ముస్లిం మహిళ, ఒక హిందువు ఇంటి నుంచి దోచుకెళ్లిన కత్తులను తిరిగి ఇవ్వాలని 25 రోజులు ఉపవాసం ఉన్నారు.

1947 జనవరి 2న గాంధీ నడక మొదలుపెట్టారు. మార్చి మొదట్లో బీహార్‌కు బయల్దేరేలోపు 47 ఊళ్లు, 116 మైళ్లు తిరిగారు. దూరం లెక్కన చూస్తే అది ఎక్కువేమీ కాదు. కానీ ఆ నేల ఎలాంటిదో చూడాలి. ఎటు చూసినా కాలువలు, చెరువులు. కాలువ దాటాలంటే వెదురు వంతెన. వంతెన అంటే కాలి కింద ఒక బొంగు, పట్టుకోడానికి ఆసరా ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. కాలు జారితే నీళ్లలో పడాల్సిందే. బయల్దేరే ముందే ఆయన ఆ బొంగు మీద నడవడం సాధన చేశారు. 77 ఏళ్ల మనిషి, ప్రపంచమంతా ఎరిగిన నాయకుడు, ఒక పసివాడిలా అడుగు మీద అడుగు వేయడం మళ్లీ నేర్చుకున్నారు. చెప్పులు కూడా వదిలేశారు. ఇది తీర్థయాత్ర అని ఆయన ఉద్దేశం. దేవుడి దగ్గరికి చెప్పులతో వెళ్లరు కదా. ఆ నడక ఇష్టం లేనివాళ్లు కొన్నిచోట్ల కాలిబాట మీద గాజు పెంకులు, ముళ్లు, మలం వేశారు. ఆయన ఆకులతో వాటిని తుడుచుకుంటూ వెళ్లారు.

అది నిరాయుధ నడక అనడం పూర్తిగా నిజం కాదు. బెంగాల్ ప్రభుత్వం పోలీసులను వెంట పంపింది. గాంధీకి అది నచ్చలేదు, అయినా తప్పలేదు. ఈ విషయం దాచాల్సిన అవసరం లేదు. ఆయన రోజూ ఒక కొత్త ఊరికి చేరుకునేవారు. ఎవరు చోటిస్తే వాళ్ల ఇంట్లో దిగేవారు. ముస్లింల ఇళ్లలో ఉండటానికి మరీ ఇష్టపడేవారు. ఊరి క్షేమానికి ఒక హిందువు, ఒక ముస్లిం కలిసి పూచీ ఉండాలని అడిగేవారు. ఇదంతా రైల్లోనో జీపులోనో వచ్చి, సభ పెట్టి, సాయంత్రానికి వెళ్లిపోయే మనిషి వల్ల అయ్యే పని కాదు. నడిచి వచ్చినవాడికి అలసట ఉంటుంది, దాహం వేస్తుంది, రాత్రికి ఎక్కడో ఒకచోట పడుకోవాలి. అంటే ఆ ఊరివాళ్ల మీద ఆధారపడాలి. తమ మీద ఆధారపడి వచ్చిన మనిషిని శత్రువుగా చూడటం ఎవరికైనా కొంచెం కష్టమే.

ఈ ఆధారపడటమే నడకను యాత్రగా మారుస్తుంది. 1962 జూన్‌లో ఇద్దరు యువకులు, సతీశ్ కుమార్, ఇ.పి. మేనన్, ఢిల్లీలోని గాంధీ సమాధి దగ్గర బయల్దేరారు. అణ్వాయుధాలున్న నాలుగు దేశాల రాజధానులకు, అంటే మాస్కో, పారిస్, లండన్, వాషింగ్టన్‌కు నడిచి వెళ్లాలని వాళ్ల సంకల్పం. సముద్రం వచ్చిన చోట ఓడ, మిగతాదంతా నడకే. అణ్వాయుధాలకు వ్యతిరేకంగా 89 ఏళ్ల బ్రిటిష్ తత్వవేత్త బెర్ట్రాండ్ రస్సెల్ జైలుకు వెళ్లారన్న వార్త వాళ్లను కదిలించింది. చేతిలో పైసా లేకుండా వెళ్లమని గాంధీ శిష్యుడు వినోబా భావే సలహా ఇచ్చారు. పాకిస్తాన్ సరిహద్దు దగ్గర వీడ్కోలు చెప్పడానికి వచ్చిన స్నేహితులు దారిలో తినడానికి పొట్లాలు ఇవ్వబోతే సతీశ్ కుమార్ తీసుకోలేదు. అవి తిండి పొట్లాలు కావు, అపనమ్మకం పొట్లాలు అన్నది ఆయన భావం. అవతలి దేశంలో అన్నం పెట్టేవాళ్లు ఉండరని అనుమానంతో అడుగుపెడితే ఆ నడకకు అర్థమేముంది?

ఆ ఇద్దరూ సోవియట్ జార్జియాలో ఒక టీ ఫ్యాక్టరీ దగ్గర ఆగారు. అక్కడ పనిచేసే మహిళలు వాళ్లకు నాలుగు టీ పొట్లాలు ఇచ్చారు, ఒక్కో రాజధానికి ఒక్కోటి. బాంబు బటన్ నొక్కాలనిపించినప్పుడు ఒక్క నిమిషం ఆగి ఈ టీ తాగమని ఆ నాయకులకు చెప్పండి అన్నారు. విమానంలో వెళ్లేవాళ్లకు ఈ పొట్లాలు దొరకవు. ఫ్యాక్టరీలో పనిచేసే మనిషికి అణుయుద్ధం గురించి నాలుగు దేశాధినేతలకు చెప్పాల్సింది ఉందని కూడా ఎవరికీ తెలిసేది కాదు. నడక ఆ మాటను మోసుకెళ్లే దారి అయింది.

డబ్బు లేకుండా నడవడంలో ఇంకా ముందుకు వెళ్లిన మనిషి ఒకరున్నారు. కొరియా యుద్ధం జరుగుతుండగా, 1953 జనవరి 1న, మిల్డ్రెడ్ నార్మన్ అనే అమెరికన్ మహిళ కాలిఫోర్నియాలోని పసడీనా నుంచి నడక మొదలుపెట్టారు. తన పేరు పక్కన పెట్టేసి 'పీస్ పిల్‌గ్రిమ్' అని మాత్రమే పిలిపించుకున్నారు. ఎవరైనా చోటిచ్చేదాకా నడుస్తాను, ఎవరైనా పెట్టేదాకా పస్తుంటాను అన్నది ఆమె వ్రతం. ఒంటి మీది దుస్తులు, దువ్వెన, టూత్‌బ్రష్ లాంటి నాలుగైదు వస్తువులే ఆమె ఆస్తి. 1964 నాటికి 25,000 మైళ్లు పూర్తయ్యాక లెక్కపెట్టడం మానేసి, 1981లో చనిపోయేదాకా నడుస్తూనే ఉన్నారు. ఒంటరి ఆడమనిషి రాత్రిపూట హైవే మీద నడవడం ఎంత టెన్షన్‌తో కూడిన పనో చెప్పక్కర్లేదు. ఆమె నడకలో శాంతి గురించిన ఉపన్యాసాల కన్నా ఈ సాహసమే ఎక్కువ చెబుతుంది.

పాదయాత్ర అన్న మాట ఇప్పుడు ఎన్నికల ప్రచారానికే ఎక్కువగా వాడుతున్నారు కాబట్టి ఒక తేడా చెప్పుకోవాలి. నిరసన ప్రదర్శన ఎదుటివాళ్లను అడుగుతుంది: ఈ చట్టం మార్చండి, ఈ యుద్ధం ఆపండి అని. యాత్ర ముందు నడిచేవాడినే అడుగుతుంది: నీలో ఉన్న కోపం సంగతి ఏంటి, నీ భయం సంగతి ఏంటి అని. రెండూ అవసరమే. కొన్నిసార్లు రెండూ ఒకే దారిలో కలుస్తాయి. 1965 మార్చిలో అమెరికాలో నల్లజాతీయుల ఓటు హక్కు కోసం సెల్మా నుంచి మాంట్‌గోమరీ దాకా జరిగిన 54 మైళ్ల నడకలో యూదు మతాచార్యుడు అబ్రహాం జాషువా హెషెల్ కూడా ఉన్నారు. ఆ రోజు తన కాళ్లే ప్రార్థన చేస్తున్నట్టు అనిపించిందని ఆయన తర్వాత రాసుకున్నారు. అంతకు రెండు వారాల ముందు అదే దారిలో, సెల్మా వంతెన మీద, నడవడానికి వచ్చినవాళ్లను పోలీసులు లాఠీలతో కొట్టి వెనక్కి తరిమారు. అక్కడ కూడా దారి మూసుకుపోయింది. దాన్ని నడిచే తెరిచారు.

ఈ దారి విషయం అన్నిటికన్నా స్పష్టంగా కనిపించేది కంబోడియాలో. 1975 నుంచి 1979 దాకా ఖ్మేర్ రూజ్ అనే తీవ్రవాద కమ్యూనిస్టుల పాలనలో దాదాపు 17 లక్షల మంది చనిపోయారు. అంతకు ముందు దేశంలో 60 వేల మంది దాకా బౌద్ధ భిక్షువులు ఉండేవారు. బతికి బయటపడినవాళ్లు కొద్దిమందే. మహా ఘోసానంద అనే భిక్షువు ఆ సమయంలో థాయిలాండ్‌లో ఒక అడవి ఆశ్రమంలో ఉండబట్టి బతికారు. ఆయన కుటుంబంలో ఎవరూ మిగల్లేదు. సరిహద్దు శిబిరాల్లోకి శరణార్థులు రావడం మొదలవగానే ఆయన అక్కడికి వెళ్లి, మైత్రి గురించి బుద్ధుడు చెప్పిన సుత్తాన్ని కాగితాల మీద అచ్చువేసి పంచారు. పగ పగతో చల్లారదు, పగ లేకపోవడంతోనే చల్లారుతుంది అన్న ధమ్మపదం గాథను పఠించారు. తన వాళ్లందరినీ పోగొట్టుకున్న మనిషి నోట ఆ మాట వింటున్నప్పుడు దాని బరువు వేరు.

ఖ్మేర్ రూజ్ పాలన పోయాక కూడా అంతర్యుద్ధం సాగింది. 1991లో శాంతి ఒప్పందం కుదిరింది. థాయ్ సరిహద్దు శిబిరాల్లో మూడున్నర లక్షల మందికి పైగా ఉన్నారు. ఇంటికి వెళ్లొచ్చు అన్నారు. కానీ ఎలా? దారుల పక్కన, పొలాల్లో మందుపాతరలు. అవతలి ఊళ్లలో ఎవరు ఏ పక్షమో తెలియదు. 1992 ఏప్రిల్‌లో ఘోసానంద వంద మంది దాకా శరణార్థులతో, వాళ్లకు తోడుగా వచ్చిన భిక్షువులు, విదేశీ మిత్రులతో కలిసి సరిహద్దు దాటి రాజధాని నాంపెన్ వైపు నడిచారు. దానికి ధమ్మయాత్ర అని పేరు.

ఏప్రిల్ అంటే అక్కడ మండే ఎండాకాలం. అందుకే చీకటితోనే బయల్దేరేవారు. ఒకరి వెనక ఒకరుగా, మౌనంగా. దారి పక్కన ఊరివాళ్లు నీళ్ల బకెట్లు, వెలిగించిన అగరొత్తులు పెట్టుకుని కూర్చుని ఉండేవారు. భిక్షువులు వస్తూ ఆ నీళ్లు వాళ్ల మీద చల్లేవారు, వెలుగుతున్న అగరొత్తుల్ని నీళ్లలో ముంచి ఆర్పేవారు. యుద్ధం మంట ఇలా చల్లారాలని. ముసలివాళ్లు ఏడ్చేవారు. వాళ్లు కాషాయ వస్త్రాల వరుసను చూసి ఎన్నో ఏళ్లయింది. నడుస్తున్నవాళ్లలో కొందరికి దారిలోనే, చనిపోయారనుకున్న తమ బంధువులు ఎదురయ్యారు. నాంపెన్ చేరేసరికి వంద మంది కాస్తా పెద్ద జనసమూహం అయ్యింది.

ఆ బకెట్టు, అగరొత్తి సంగతి దగ్గరగా చూడాలి. ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు. క్షమించమని ఎవరినీ అడగలేదు. అంత నష్టపోయినవాళ్లను క్షమించమని అడిగే హక్కు ఎవరికి ఉంటుంది? తడి చేత్తో ఒక మనిషి తల మీద నాలుగు చుక్కలు పడ్డాయి, అంతే. కానీ ఆ దారిన మనుషులు వచ్చారు, ఏమీ కాలేదు, ముందుకు వెళ్లారు అన్న సంగతి ఊరంతా కళ్లారా చూసింది.

మరుసటి ఏడాది, ఐక్యరాజ్యసమితి ఎన్నికలు పెట్టబోతున్న 1993 మే నెలలో, రెండో యాత్ర. సియం రీప్‌లో బయల్దేరడానికి సిద్ధమై గుడిలో ఉండగా చుట్టూ కాల్పులు మొదలయ్యాయి. కొందరికి గాయాలయ్యాయి. ఒక గ్రెనేడ్ గుడిలో వచ్చి పడింది గానీ పేలలేదు. అయినా బయల్దేరారు. దారిలో సైనికులు ఆశీర్వాదం కోసం వచ్చేవారు. తమ తూటాలు ఎవరికీ తగలకూడదని, ఎవరి తూటాలూ తమకు తగలకూడదని దీవించమన్నారు. చేతిలో తుపాకీ ఉన్నవాడు కూడా ఆ దారిలో భయపడుతూనే ఉన్నాడని ఈ ఒక్క మాట చెబుతుంది. ఆ నెలలో జరిగిన ఎన్నికల్లో 90 శాతం దాకా ఓట్లు పోలయ్యాయి. దానికి ఈ యాత్రే కారణమని చెప్పడం అతిశయోక్తి అవుతుంది. భయం కాస్త తగ్గడంలో దీనికీ వాటా ఉందనడం న్యాయం.

కాలినడకకు ఇంత గౌరవం ఇచ్చేటప్పుడు దాని రెండో ముఖం కూడా చూడాలి. 1095లో పోప్ రెండో అర్బన్ పిలుపుతో మొదలైన క్రూసేడ్లను, అంటే క్రైస్తవ మతయుద్ధాలను, అప్పటివాళ్లు తీర్థయాత్ర అనే పిలిచారు. బట్టల మీద శిలువ కుట్టుకుని జెరూసలేం దాకా నడిచినవాళ్లు దారిలో రైన్ నది ఒడ్డున యూదులను చంపారు, 1099లో జెరూసలేంలోనూ నరమేధం చేశారు. భక్తి ఉంది, నడక ఉంది, కష్టం ఉంది. చేతిలో కత్తి కూడా ఉంది. దేవుడి పేరుతో ఊరేగింపుగా వెళ్లి, వేరేవాళ్ల వీధిలో కావాలనే ఆగి, రెచ్చగొట్టే నినాదాలు చేయడం కూడా కాళ్లతో చేసే పనే. కాబట్టి నడిచినంత మాత్రాన పవిత్రత రాదు. గుర్తుపట్టడానికి ఒక కొలత ఉంది. ఆ నడక వెళ్లిన తర్వాత ఆ వీధిలోని మనుషులు తలుపులు తెరిచారా, గడియ వేసుకున్నారా? నోవాఖలీ కాలిబాట నుంచి కంబోడియా మట్టిరోడ్ల దాకా ఈ కొలత పనికొస్తుంది.

హింస చేసినవాడికి కూడా నడక అవసరమేనన్న ఆలోచన ఐరోపాలో చాలా పాతది. మధ్యయుగాల్లో ఇప్పటి బెల్జియం ప్రాంతపు పట్టణ న్యాయస్థానాలు హత్య చేసినవాళ్లకు దూరపు పుణ్యక్షేత్రాలకు నడిచి వెళ్లే శిక్ష వేసేవి. అది కొంత వెలివేయడం, కొంత ప్రాయశ్చిత్తం. ఆ పాత పద్ధతిని కొత్తగా అర్థం చేసుకుని, 1982లో బెల్జియంలోనే ఓయికోటెన్ అనే సంస్థ నేరాల్లో చిక్కుకున్న టీనేజీ పిల్లలను ఒక పెద్ద మనిషి తోడుతో స్పెయిన్‌లోని సాంటియాగో పుణ్యక్షేత్రం దాకా నడిపించడం మొదలుపెట్టింది. ఫ్రాన్స్‌లో 'సెయ్' (Seuil) అనే సంస్థ అలాంటి పనే చేస్తోంది. నెలల తరబడి నడక, కాళ్లకు బొబ్బలు, వానలో తడవడం. జైలు గోడల మధ్య కోపం అలాగే మిగిలిపోతుంది. రోజుకు ఇరవై కిలోమీటర్లు నడిచే ఒంట్లో దానికి అంత చోటు ఉండదు. అంగుళిమాలుడి కథ కూడా అడవిలో ముగియదు. భిక్షువై అదే శ్రావస్తి వీధుల్లో భిక్షకు వెళ్లినప్పుడు జనం విసిరిన రాళ్లు తగిలి, తల పగిలి, భిక్షాపాత్ర విరిగి, నెత్తురోడుతూ తిరిగొచ్చాడు. ఓర్చుకో అన్నాడు బుద్ధుడు. తను మూసేసిన దారిలో తను కూడా నడవాలి మరి.

ఇక ఈ నడకలన్నీ ఏం సాధించాయి అన్న ప్రశ్న. దీన్ని తప్పించుకోకూడదు. గాంధీ నడిచిన ఆరు నెలలకే దేశం రెండుగా చీలింది, నోవాఖలీ హిందువుల్లో చాలామంది తర్వాత ఇళ్లు వదిలి వెళ్లిపోయారు. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో, 1951 ఏప్రిల్ 18న, నడుస్తూ వచ్చిన వినోబా పోచంపల్లిలో ఆగారు. దళిత కుటుంబాలు 80 ఎకరాలు అడిగాయి, వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానన్నారు. భూదానోద్యమం అలా పుట్టింది. ఏళ్ల తరబడి నడిచాక దేశమంతటా 40 లక్షల ఎకరాలకు పైగా దానంగా వచ్చింది. అందులో చాలా భూమి సాగుకు పనికిరానిది, చాలా భూమి పేదల చేతికి చేరనే లేదు. సతీశ్ కుమార్ మోసిన టీ పొట్లాలు ఒక్క అణుబాంబునూ తగ్గించలేదు.

నడక పాలకులను ఓడించే సాధనం కాదు. అలా ఆశించినవాళ్లకు నిరాశే మిగులుతుంది. అది పనిచేసేది ఎదురుపడ్డ చోట, గంటకు నాలుగైదు కిలోమీటర్ల వేగంతో, మనిషికి మనిషి కనిపించేంత దగ్గరలో. పోచంపల్లిలో వినోబా కరపత్రాలు పంచలేదు, మీకేం కావాలని అడిగారు. హింస వెనక భూమి ఉందని ఆ జవాబులో తెలిసింది. ఆ జవాబు వినడానికైనా ఆయన అక్కడిదాకా నడిచి రావాల్సి వచ్చింది. దూరంగా, సురక్షితంగా ఉన్న రోడ్ల మీద శాంతి కోసం నడిచేవాళ్లను తక్కువ చేయక్కర్లేదు. 2025 అక్టోబరులో అమెరికాలోని ఫోర్ట్‌వర్త్ నుంచి వాషింగ్టన్‌కు సుమారు 2,300 మైళ్ల నడక మొదలుపెట్టిన బౌద్ధ భిక్షువులకు, నవంబరులో టెక్సస్‌లోనే రోడ్డు ప్రమాదం జరిగి ఒక భిక్షువు కాలు పోయింది. అయినా మిగతావాళ్లు నడక ఆపలేదు, రోడ్డు పక్కన జనం పెరుగుతూనే వచ్చారు. అయితే హింస జరిగిన చోటికే వెళ్లే నడకకు ఉన్న శక్తి వేరు. 1994 డిసెంబరులో నాజీల మరణశిబిరం ఉన్న ఆష్విట్జ్ నుంచి బయల్దేరి, బోస్నియా లాంటి యుద్ధభూముల మీదుగా, 1995 ఆగస్టులో హిరోషిమా చేరిన సర్వమత యాత్రలో జపాన్‌కు చెందిన నిప్పొన్‌జాన్ మ్యోహోజీ అనే బౌద్ధ సంఘం భిక్షువులు చేతి డప్పులు వాయిస్తూ నడిచారు. వాళ్లు దారిలో కంబోడియా ధమ్మయాత్రతో కలిశారు.

అది ధమ్మయాత్రకు గడ్డుకాలం. అంతకు ముందు ఏడాది, 1994లో, యుద్ధం ఇంకా సాగుతున్న పశ్చిమ ప్రాంతంలో నడుస్తుండగా సైనికులకు, ఖ్మేర్ రూజ్ గెరిల్లాలకు మధ్య జరిగిన ఎదురుకాల్పుల్లో ఒక భిక్షువు, ఒక సన్యాసిని చనిపోయారు. నడక శాంతిని తెస్తుందని నమ్మి వచ్చినవాళ్లు వాళ్లు. ఇక ఆపేద్దామన్న ఆలోచన రావడం సహజం. ఆపలేదు. ఆయుధాలు, సైనిక దుస్తులు, పార్టీ జెండాలు దగ్గరికి రాకూడదన్న నియమాన్ని గట్టిగా పట్టుకున్నారు. బయల్దేరే ముందు అహింసలోనూ, మందుపాతరల విషయంలోనూ శిక్షణ పెట్టారు. 1996లో అడవుల కోసం నడిచారు. రెండు పక్షాలూ కలప అమ్ముకుని ఆ డబ్బుతో యుద్ధం నడుపుతున్నాయి, కొట్టేసిన అడవి చోట మందుపాతరలు మిగులుతున్నాయి. ఆ ఏడాది నడిచినవాళ్లు ఆగిన ఊళ్లలో మొక్కలు నాటుకుంటూ వెళ్లారు.